టెక్సాస్ సమాధుల కథ సగమే చెప్పారు

ఎడిటర్ గారికి,

టెక్సాస్ రాజధాని ఆస్టిన్‌లో, రాష్ట్ర ప్రముఖులను సమాధి చేసే స్టేట్ సిమెట్రీ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. కానీ అది చదివితే ఆనాటి టెక్సాస్‌లో గుర్రాలెక్కిన వీరులు, గవర్నర్లు, జనరళ్ళు తప్ప ఇంకెవరూ బతకలేదేమో అనిపిస్తుంది. ఈ రాష్ట్రంలోనే ఉంటున్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ సిమెట్రీ సంగతే చూద్దాం. టెక్సాస్ సొంత దేశంగా ఉన్న రోజుల్లో ఉపాధ్యక్షుడిగా చేసిన ఎడ్వర్డ్ బర్ల్‌సన్‌ను 1851లో అక్కడ పాతిపెట్టడంతో అది మొదలైంది. మీ వ్యాసంలో లేని విషయం ఏమిటంటే, అక్కడున్న పెద్ద పేర్లలో కొందరిని మొదట వేరే చోట్ల సమాధి చేసి, తర్వాత తవ్వి ఇక్కడికి తెచ్చారు. వలస కుటుంబాలను తెచ్చి స్థిరపరిచి టెక్సాస్ పిత అనిపించుకున్న స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ 1836లో పోతే, ఆయన అస్థికలు 1910లో వచ్చాయి. జనరల్ ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్ 1862లో అమెరికా అంతర్యుద్ధంలో భాగమైన షైలో యుద్ధంలో చనిపోయి న్యూ ఆర్లీన్స్‌లో ఉంటే 1867లో తీసుకొచ్చారు, తర్వాత ఎలీసబెట్ నే అనే శిల్పి చేత, ఆయన పడుకున్నట్టుండే పాలరాతి విగ్రహం చెక్కించారు. టెక్సాస్ కోసం పోరాడేవాళ్ళకు ఒంటి నక్షత్రం జెండా చేసి పంపిన జార్జియా అమ్మాయి జోఆనా ట్రౌట్‌మన్‌ను 1913లో తెచ్చారు. గ్రూప్ ఫొటోలో ముందు వరసలో ఎవరిని కూర్చోబెట్టాలో చూసుకున్నట్టు, ఒక రాష్ట్రం తన చరిత్ర ఎలా కనపడాలో తనే ఎంచి అమర్చుకుంది. బానిసత్వం కోసం విడిపోయిన దక్షిణాది తరఫున పోరాడిన కాన్ఫెడరేట్ సైనికులు, వాళ్ళ భార్యలవి కలిపి రెండు వేలకు పైగా సమాధులు ఉన్నదీ అక్కడే, ఈ ముక్క కూడా మీ వ్యాసంలో ఎక్కడా కనపడలేదు.

ఇంకో వింత చెప్పాలి. 1686లో మునిగిపోయిన లా బెల్ అనే ఫ్రెంచ్ ఓడను 1990ల్లో తవ్వితే అందులో ఒక నావికుడి అస్థిపంజరం దొరికింది. ఎవరో ఏమో తెలియని ఆ మనిషిని 2004లో గౌరవంగా ఇదే స్టేట్ సిమెట్రీలో సమాధి చేశారు. చాలా మంచి పని. మరి టెక్సాస్ మట్టిలోనే పేరు లేకుండా పోయినవాళ్ళ సంగతేంటి అని అడగాలనిపిస్తుందా లేదా?

డల్లాస్‌లో ఫ్రీడ్‌మన్స్ సిమెట్రీ ఉంది. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివాళ్ళు 1869లో మొదలుపెట్టుకున్న స్థలం అది. 1940ల్లో దాని మీదుగానే ఎక్స్‌ప్రెస్‌వే వేసేశారు. 1990ల్లో ఆ రోడ్డు వెడల్పు చేసేటప్పుడు 1,157 సమాధులు తవ్వి పక్కకు మార్చాల్సి వచ్చింది.

షుగర్ ల్యాండ్ కథ ఇంకా దారుణం, పైగా మన తెలుగువాళ్ళు చాలామంది ఉండే ఊరు. బానిసత్వం చట్టం ప్రకారం పోయాక కూడా ఖైదీలను, వాళ్ళలో ఎక్కువమంది చిన్నచిన్న నేరాల కింద పట్టుబడ్డ నల్లవాళ్ళే, చెరకు తోటలకు కూలికి ఇచ్చేవాళ్ళు, ఆ డబ్బు రాష్ట్రం తీసుకునేది. రెజినాల్డ్ మూర్ అనే మాజీ జైలు గార్డు, ఆ ఖైదీల సమాధులు ఇక్కడ ఎక్కడో ఉండే ఉంటాయని ఏళ్ళ తరబడి అందరికీ చెబుతూ వచ్చాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2018లో అక్కడ స్కూల్ భవనం కోసం నేల తవ్వుతుంటే 95 మంది అస్థికలు బయటపడ్డాయి. వాళ్ళలో పద్నాలుగేళ్ళ పిల్లాడు కూడా ఉన్నట్టు తేలింది. ఎక్కడ పెట్టాలనే దాని మీద కోర్టుల దాకా వెళ్ళి, చివరికి 2019లో అక్కడే మళ్ళీ సమాధి చేశారు.

హంట్స్‌విల్ కూడా మీ వ్యాసంలో లేదు. టెక్సాస్ చరిత్రలో అందరికన్నా పెద్ద మనిషి శామ్ హ్యూస్టన్ ఆస్టిన్‌లో లేడు, ఆ ఊళ్ళోని ఓక్‌వుడ్ సిమెట్రీలో ఉన్నాడు. 1861లో గవర్నర్‌గా ఉండి కాన్ఫెడరసీకి ప్రమాణం చేయనన్నందుకు పదవి పోగొట్టుకున్న మనిషి ఆయన, నాకు ఆ ఒక్క పనికే గౌరవం. ఆయన దగ్గర బానిసగా ఉండి, విముక్తి తర్వాత కౌంటీ (మన జిల్లా లాంటిది) కమిషనర్ అయిన జాషువా హ్యూస్టన్ సమాధి కూడా అదే సిమెట్రీలో ఉంది. అదే ఊళ్ళో, జైల్లో చనిపోయి ఎవరూ తీసుకెళ్ళని ఖైదీల కోసం వేరే సిమెట్రీ ఉంది, పాత సిలువల మీద చాలావాటికి పేర్లుండవు, ఖైదీ నంబర్లే. ఈ రెండూ ఒకే రోజు చూడొచ్చు.

స్టేట్ సిమెట్రీ మారలేదని కాదు. టెక్సాస్ సెనేట్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ బార్బరా జోర్డన్ 1996 నుంచి అక్కడే ఉంది. ఆవిడ కోసమైనా వెళ్ళాల్సిందే.

మీ పాఠకుల్లో ఇక్కడ ఇళ్ళు, స్థలాలు కొంటున్నవాళ్ళు ఉంటారు కాబట్టి ఇంకొక్క విషయం. టెక్సాస్ చట్టం ప్రకారం ప్రైవేటు భూమి మధ్యలో దారి లేకుండా సిమెట్రీ ఉన్నా, చూడటానికి వెళ్ళేవాళ్ళకు సహేతుకంగా దారి ఇవ్వాలి. ఎవరికీ తెలియని, వదిలేసిన సిమెట్రీ కనపడితే పది రోజుల్లోపు కౌంటీ క్లర్క్‌కు నోటీసు ఇవ్వాలి. స్థలం ధర పడిపోతుందనే టెన్షన్‌తో పాత రాళ్ళు పక్కకు లాగించి కంచె వేసేసే ముందు ఇది తెలిసి ఉండాలి, దయచేసి ఈ భాగం కత్తిరించకుండా వేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు, టెక్సాస్