ఫొటో రీలు కాలం అయిపోలేదు, నెగటివ్‌లు పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో పాత ఫొటో స్టూడియోల మీద వచ్చిన వ్యాసం బాగుంది. కానీ చివర్లో రీలు కాలం ముగిసిందని తేల్చేశారు చూడండి, అక్కడే నాకు పేచీ. నల్లగొండలో మా ఇంటి బాత్రూంలో నెలకు రెండు ఫిల్మ్ రీళ్లు మందులో కడుగుతున్నా నేను. అదీ చిన్న రీలు కాదు, స్టూడియోవాళ్లు 'వన్ ట్వంటీ' అనేవాళ్లే, ఆ 120 రీలు. 1901లో కొడాక్ తెచ్చిన సైజు, ఈ రోజుకీ దొరుకుతోంది. ఒకప్పుడు మన దేశంలోనే, ఊటీలో, 'ఇందు' పేరుతో ఫిల్మ్ తయారయ్యేది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది గనక ఇప్పుడు ఇంగ్లండ్ నుంచో అమెరికా నుంచో వచ్చేదే గతి. ధర మాత్రం అడగొద్దు, మా ఇంట్లో కూడా ఇదే చెప్పాను.

నా కెమెరా యాషికా మ్యాట్, రెండు కళ్లది, అంటే ఒకదాని కింద ఒకటి రెండు లెన్సులు. వెలుతురు కొలిచే లోపలి మీటర్ ఎప్పుడో చచ్చింది, అయినా షట్టర్‌కు బ్యాటరీతో పనిలేదు కాబట్టి నడుస్తోంది. పై మూత తెరిచి, పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి అద్దంలోకి చూడాలి. బొమ్మ కుడి ఎడమలు తారుమారై కనిపిస్తుంది, మనం ఇటు జరిగితే గుడి అటు పోతుంది, మొదటి నెలంతా నాకు తల తిరిగింది. మా నల్లగొండ పక్కనే పానగల్లులో ఒక పెద్దమ్మ నన్ను చూసి "ఏందిరా బిడ్డా, డబ్బాలకు తొంగి చూస్తున్నవ్, ఏమున్నది అండ్ల?" అంది. చూపించాను. రెండు నిమిషాలు తల ఎత్తలేదు. "మన గుడి గింత ముద్దుగున్నదా" అని, వెనక ఉన్న మనవరాలిని కూడా పిలిచింది.

ఆ గుడి ఛాయా సోమేశ్వరాలయం. సూర్యుడు ఎటు తిరిగినా గర్భగుడి గోడ మీద స్తంభం నీడ ఉన్నచోటే ఉంటుంది, తెలిసిందే. ఆ నీడ కోసం నేను మూడుసార్లు తిరిగాను. లోపల చీకటి, చేతి మీటర్ షట్టర్ 30 సెకండ్లు తెరవమంది, నేనూ 30 సెకండ్లే ఇచ్చాను, నెగటివ్ మీద ఏమీ సరిగా రాలేదు. తర్వాత తెలిసిందేమిటంటే అంతసేపు తెరిచి ఉంచితే ఫిల్మ్ వెలుతురు పట్టడంలో బద్ధకిస్తుంది, నేను వాడే హెచ్‌పీ5 రకం ఫిల్మ్‌కు మీటర్ 30 చెబితే దాదాపు నిమిషంన్నర ఇవ్వాలి. మూడోసారి అలాగే లెక్కపెట్టుకుంటూ కూర్చున్నా, ఆ నిమిషంన్నరలోనే ఒకాయన కొబ్బరికాయ పట్టుకుని కెమెరా ముందు నుంచే నడిచి వెళ్లిపోయాడు. నీడ పడింది, ఆయన మాత్రం పడలేదు, అంతసేపట్లో క్షణం కదిలినవాడిని ఫిల్మ్ లెక్కచేయదు!

ఇక కడగడం. రీలు కడిగే మందు డబ్బా మీద ఉండే నిమిషాల లెక్కలన్నీ 20 డిగ్రీల వేడికి. మే నెలలో మా ట్యాంకు నీళ్లు పట్టుకుంటే చేయి కాలుతుంది. మొదటి రీలు ఆ నీళ్లలోనే మందు కలిపి 11 నిమిషాలు కడిగాను, నెగటివ్ బొగ్గులా వచ్చింది. ఇప్పుడు బకెట్‌లో ఐస్ వేసి ఆ మందు చల్లార్చుకుంటా. చివరి కడుగుకు బోరు నీళ్లు పనికిరావు, ఆరాక తెల్లటి మరకలు పడతాయి, డిస్టిల్డ్ వాటర్ కొంటా. తలుపు కింద తువ్వాలు దూర్చి చీకట్లో రీలును కడిగే డబ్బాలోకి ఎక్కించేటప్పుడు చెమట చేతులకు ఫిల్మ్ అతుక్కుంటుంది, అదొక టెన్షన్. కరెంటు పోతే వీధంతా తిట్టుకుంటుంది, నాకు మాత్రం ఇల్లంతా డార్క్ రూం.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ రీలుకు నా కెమెరాలో 12 ఫొటోలే వస్తాయి గానీ ఒక్కో నెగటివ్ మామూలు చిన్న రీలు, అదే 35 ఎంఎం దానికన్నా మూడున్నర రెట్లు పెద్దది. పెళ్లి పందిట్లో ఐదో వరసలో నిలబడ్డ ముఖం కూడా గుర్తుపట్టొచ్చు. మా అమ్మానాన్నల పెళ్లి 1978లో, బ్లాక్ అండ్ వైట్, 120 రీలే. ఆల్బం చెదలు తిన్నది. నెగటివ్ ఉంటే చాలు, నేనే మళ్లీ ప్రింటు వేసుకుంటానని తీసిన స్టూడియోకు వెళ్లాను. కొడుకు ఉన్నాడు, మంచివాడే, చాయ్ కూడా తెప్పించాడు. "అన్నా, షాపు రంగులేసేటప్పుడు సంచులకు సంచులు పాత సామానుకు వేసినం" అన్నాడు. నెగటివ్‌లలోని వెండి తీసుకోవడానికి ఎవరో కొన్నారట. మా తాత ఒక్క ఫొటోలోనే ఉండేవాడు, ఆ పెళ్లి ఫొటోలో.

మహబూబ్‌నగర్, దేవరకొండ, మిర్యాలగూడ ఎక్కడైనా సరే, పాత స్టూడియో నడిపిన కుటుంబాలవాళ్లు ఇది చదివితే ఒక్క మాట. బటర్ పేపర్ కవర్లలో పెన్సిల్‌తో నంబర్లు రాసి పెట్టిన నెగటివ్‌లుంటే అటక మీద రేకుల కింద వేడికి పెట్టకండి, పాలిథిన్ సంచిలో మూటకట్టకండి, గాలి తగిలే అల్మారాలో పెట్టండి. పారేసే ముందు పక్క వీధిలో ఒకసారి అడగండి. మీ పేపర్లో పాత ఫొటోలకు వారానికి ఒక మూల ఇస్తే, ఛాయా సోమేశ్వరాలయం ప్రింటు మొదట నేనే పంపిస్తా. కవరు మడవొద్దని మాత్రం పోస్ట్‌మ్యాన్‌కు మీరే చెప్పాలి.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక పాఠకుడు