పిల్లల కార్టూన్‌లో పెద్దల కథ

సంపాదకునికి,

'అవతార్: ది లాస్ట్ ఎయిర్‌బెండర్' యానిమేషన్ సిరీస్‌ని ఈ వయసులో మొదటిసారి చూశాను. 2005 నుంచి 2008 వరకు నికెలోడియన్‌లో వచ్చిన 61 ఎపిసోడ్ల కథ ఇది. (నీలిరంగు మనుషులున్న సినిమాకీ దీనికీ సంబంధం లేదు.)

వందేళ్లు మంచులో చిక్కుకుపోయిన 12 ఏళ్ల ఆంగ్ కళ్లు తెరిచేసరికి, అగ్నిరాజ్యం మొదలుపెట్టిన యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంటుంది. తనవాళ్లలో ఒక్కరూ మిగల్లేదు. పిల్లల కార్యక్రమంలో ఇంత పెద్ద విషాదాన్ని సూటిగా చూపిస్తారని నేననుకోలేదు.

నన్ను బాగా పట్టేసింది మాత్రం శత్రు యువరాజు జూకో. కన్నతండ్రే మొహం కాల్చి దేశం నుంచి వెళ్లగొట్టాడు. అయినా ఆ తండ్రి మెప్పు కోసమే తపిస్తాడు. ఇక మారిపోయాడు అనుకునేలోపు, రెండో సీజన్ చివర్లో, తనను కడుపులో పెట్టుకుని చూసుకున్న పెదనాన్న ఐరోకే ద్రోహం చేస్తాడు. నాకు భలే కోపమొచ్చింది. యుద్ధంలో పోయిన కొడుకు పుట్టినరోజున ఐరో చెట్టు కింద ఒంటరిగా పాడుకునే ఘట్టంలో ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆ పాత్రకు గొంతునిచ్చిన నటుడు మాకో 2006లో చనిపోయారు. ఆ భాగాన్ని ఆయనకే అంకితమిచ్చారు.

లోపాలు లేవని కాదు. మొదటి సీజన్ అక్కడక్కడా సాగదీశారు. చంపకుండా గెలవడమెలా అన్న ఆంగ్ చిక్కుముడికి చివర్లో ఒక తాబేలు వచ్చి పరిష్కారం చేతిలో పెట్టడం మరీ తేలిక.

మీ సినిమా పేజీలో ఇలాంటి సిరీస్‌లకూ సమీక్షలు వేయండి.

– ఒక పాఠకురాలు