ఈసీ ఒక్కటి చూసి ప్లాటు కొనమంటారా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ స్థిరాస్తి పేజీలో తొలిసారి ప్లాటు కొనేవాళ్లకు ఇచ్చిన సలహా చదివి ఊరుకోలేక రాస్తున్నాను. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపే ధ్రువపత్రం) తీసి, తనఖా లేకపోతే నిశ్చింతగా కొనవచ్చట! హైదరాబాద్ చుట్టుపక్కల జనం మునుగుతున్నదే ఈ మాట నమ్మి.

ఈసీలో కనిపించేది రిజిస్టరైన లావాదేవీ మాత్రమే. రిజిస్టర్ కాని వీలునామా, నోటిమాట పంపకం, నోటరీ అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న దావా అందులో ఉండవు. పైగా ఆన్‌లైన్‌లో దొరికేది 1983 నుంచే. అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించుకోవాలి. అసలు ఈసీ తీసే పద్ధతే చాలామందికి తెలియదు. ప్లాటు నంబరుతో తీస్తే గజాల్లో జరిగిన అమ్మకాలే వస్తాయి. అదే భూమిని అంతకు ముందే ఎకరాల్లో ఇంకొకరికి అమ్మి ఉంటే అది కనపడదు. సర్వే నంబరుతో మళ్లీ తీసి, చెక్కుబందీ (నాలుగు వైపులా హద్దులు) సరిచూసుకోవాలి. ఎకరానికి 4,840 గజాలు. అమ్మిన ప్లాట్లు, రోడ్లు, పార్కు కలిపి కూడితే సర్వే నంబరు విస్తీర్ణం దాటిందా, ఎవరో ఒకరి ప్లాటు కాగితం మీదే ఉన్నట్టు.

తర్వాత 1954–55 ఖాస్రా పహాణీ నుంచి పాత పహాణీలు (భూమి ఎవరిదో, సాగు ఎవరిదో రాసే రెవెన్యూ రికార్డులు), సేత్వార్ (సర్వే నాటి మూల రికార్డు) నకలు తీయించాలి. ఎక్కడైనా లావణి (సర్కారు పేదలకు ఇచ్చింది), సర్కారీ, శిఖం (చెరువు భూమి), ఇనాం (సేవకు మాన్యంగా ఇచ్చింది) అని ఉంటే బయానా ఇవ్వకుండా ఆగాలి. లావణి పట్టా భూమి కొంటే 1977 చట్టం కింద సర్కారు వెనక్కి తీసుకుంటుంది, కొన్నవాడికి హక్కే రాదు. పిత్రార్జితమైతే ఆడపిల్లల సంతకాలు ఉన్నాయా చూడాలి. దావాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. అమ్మేవాళ్ల పేర్లతో కోర్టు కేసుల వెబ్‌సైటు ఈ-కోర్ట్స్‌లో వెతకడానికి పైసా ఖర్చు లేదు. డ్రాఫ్ట్ లేఅవుట్ (తుది అనుమతి ఇంకా రానిది) అయితే హెచ్‌ఎండీఏకు (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) తనఖా పెట్టిన 15 శాతం ప్లాట్లలో మీది ఉందేమో మంజూరు పత్రంలోనే చూసుకోవచ్చు. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) రుసుము కట్టేస్తే అన్నీ సరిపోతాయన్నదీ అబద్ధమే. దానితో లేఅవుట్ క్రమబద్ధం అవుతుందేమో గానీ, యాజమాన్య హక్కు రాదు.

ఇక అధికారుల సంగతి. 7.5 శాతం రుసుము కట్టించుకుని, హక్కు ఉందో లేదో చూడటం మా పని కాదంటారు. 22-ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములది) గురించి అడిగితే సబ్ రిజిస్ట్రార్ తహసీల్దారు వైపు, తహసీల్దారు కలెక్టరేట్ వైపు చూపిస్తారు. సర్వే నంబరులో రెండెకరాలే సర్కారుదైనా పన్నెండెకరాలూ జాబితాలో పెట్టేస్తారు. చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీరు చేరే మేర) హద్దు ఎంతవరకో ఇళ్లు లేచేదాకా ఎవరూ చెప్పరు. కూల్చడానికి మాత్రం యంత్రాలు తెల్లవారకముందే వస్తాయి. ఇన్ని శాఖలున్నా కొనేవాడికి అన్నీ ఒకేచోట చూపించే కాగితం ఒక్కటీ లేదు. ఇది ఘోరం.

మీ పత్రికకూ ఒక మాట. ఆ సలహా పక్కనే అర పేజీ ప్రీ లాంచ్ (అనుమతులు రాకముందే అమ్మే) ప్రకటన వేశారు. అందులో ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరూ లేదు, రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరూ లేదు. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ను రెరాలో నమోదు చేయకుండా ప్రకటించడమే చట్టవిరుద్ధం. అలాంటివి తీసుకోవడం మానండి. ఆ సలహాకు సవరణ వచ్చే ఆదివారమే అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి.

— ఒక పాఠకుడు, ఘట్‌కేసర్