సంచి హ్యాండిల్‌కి తగిలించకండి నాన్నా

ఉట్రెక్ట్, నెదర్లాండ్స్
ఆదివారం రాత్రి

నాన్నా, అమ్మా,

నేను బాగున్నాను. చలి మొదలైంది, సాయంత్రం అయిదింటికే చీకటి పడిపోతోంది. ఆఫీసు సంగతి మామూలే, రాయడానికేమీ లేదు. వేళకి తింటున్నాను. అమ్మ పంపిన కందిపొడి ఇంకా పావు సీసా ఉంది, పొదుపుగా వాడుతున్నాను.

మొన్న వీడియో కాల్‌లో మీరు కాఫీ గ్లాసు ఎత్తినప్పుడు మోచేతి మీద తెల్లటి ప్లాస్టర్ కనిపించింది నాన్నా. అడిగితే గోడ గీసుకుందన్నారు. తర్వాత అమ్మ చెప్పింది. అమ్మనేమీ అనకండి, గుచ్చి గుచ్చి అడిగింది నేనే. పాల ప్యాకెట్ల సంచి హ్యాండిల్‌కి తగిలించుకుని వస్తున్నారట, గుంత తప్పించబోయి హ్యాండిల్ తిప్పేసరికి సంచి ఊగి ముందు చక్రం చువ్వల్లో ఇరుక్కుందట. వెనకాల బస్సేదీ రాలేదు కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

సైకిలు మానేయమని అనను. డాక్టరు నడవమన్నాక మీరే ఇష్టపడి మొదలుపెట్టారు, షుగర్ కూడా తగ్గింది. కానీ ఇంకెప్పుడూ హ్యాండిల్‌కి సంచి తగిలించకండి. వెనక క్యారియర్ మీద ఒక ప్లాస్టిక్ క్రేట్ బిగించండి చాలు. ఇక్కడ సైకిళ్లకి చాలామంది అదే పెట్టుకుంటారు, కూరలూ పాలూ పిల్లల పుస్తకాల సంచులూ అన్నీ అందులోనే. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో అన్నేళ్లు బోగీలు బిగించిన చేతులు మీవి, నట్లు బోల్టులు నేను చెప్పక్కర్లేదు. ముందు బుట్టే కావాలనుకుంటే మాత్రం హ్యాండిల్‌కి వేలాడేది వద్దు, కింద చక్రం ఇరుసు దాకా కమ్మీలు దిగేది చూసి కొనండి. బరువంతా హ్యాండిల్ మీద పడితే మళ్లీ మొన్నటిలాగే పక్కకి లాగేస్తుంది.

తర్వాత లైట్లు. మీరు తెల్లవారుజామున అయిదింటికి బయల్దేరతారు, ఈ వానల్లో అప్పటికి పూర్తిగా వెలుతురు రాదు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, రెండూ చార్జింగ్‌వి తీసుకోండి. ముందు లైటు మీకు దారి కనబడటానికి, వెనకది మీరు ఇంకొకళ్లకి కనబడటానికి. నన్నడిగితే రెండోదే ముఖ్యం. క్రేట్ బిగించాక పాత లైటు దాని వెనక దాక్కుండిపోతుంది, అందుకని ఎర్ర లైటుని క్రేట్ వెనక వైపుకే తగిలించండి. ఈ దేశంలో చీకటిపడ్డాక లైట్లు లేకుండా సైకిలు తొక్కితే జరిమానా వేస్తారు. పెడళ్లకి కూడా పసుప్పచ్చ రిఫ్లెక్టర్లు ఉండాలి. కాళ్లతో పాటు అవి పైకీ కిందకీ ఆడుతుంటే వచ్చేది సైకిలని దూరం నుంచే తెలిసిపోతుంది. చిన్నప్పుడు మీ సైకిలు డైనమో టైరుకి రాసుకుంటూ జుయ్‌మని చప్పుడు చేసేది గుర్తుందా? ఆ చప్పుడు వీధి చివర వినబడగానే తమ్ముడూ నేనూ పుస్తకాలు తెరిచేవాళ్లం.

హెల్మెట్ మాటెత్తితే "అక్కడ నువ్వు పెట్టుకుంటున్నావా" అని అడుగుతారు. నిజమే, ఇక్కడ మామూలు సైకిలు తొక్కేవాళ్లలో హెల్మెట్ పెట్టుకునేవాళ్లు చాలా తక్కువ. కానీ నాన్నా, నేను తొక్కేది ఎర్ర తారు వేసిన సైకిళ్ల దారిలో, అందులోకి కార్లు రావు. మీరు తొక్కేది మన చెన్నై పెరంబూర్‌లో, ఎమ్‌టీసీ సిటీ బస్సుల మధ్యన. ఆ రెండూ ఒకటెలా అవుతాయి? స్కూటర్ హెల్మెట్ వాడుకుంటానని అనకండి, దాంతో చెన్నై ఉక్కలో సైకిలు తొక్కలేరు, రెండో రోజుకే తీసి పక్కన పడేస్తారు. సైకిలు హెల్మెట్‌కి గాలి ఆడే సందులుంటాయి. నేను వచ్చేటప్పుడు తెస్తాను, కొలత పంపండి. అమ్మ కుట్టుమిషను టేపు కనుబొమ్మలకి రెండు వేళ్లు పైన పెట్టి తల చుట్టూ తిప్పితే ఎన్ని సెంటీమీటర్లో చూసి చెప్పండి. స్కూటర్ మీద అమ్మ పెట్టుకునేది మాత్రం ఐఎస్ఐ మార్కుదే ఉండాలి, మార్కు పైన 4151 అన్న అంకె ఉంటుంది. కిందటేడు అది మేడ మెట్ల మీద నుంచి దొర్లింది కదా, లోపలి థర్మోకోల్ నలిగిందేమో చూడండి. ఒకసారి నలిగితే రెండోసారి తలని కాపాడదు. పైన పెంకు బాగుందని ఉంచుకోవద్దు.

కారు విషయం. నేను పంపిన గాలి మిషను ఇంకా అట్టపెట్టెలోనే ఉందట. పంక్చర్ షాపు అబ్బాయి ఉన్నాడుగా అన్నారు. ఉన్నాడు, కానీ అతని దగ్గరికి వెళ్లేసరికి టైరు వేడెక్కుతుంది, వేడి టైరులో గాలి ఎక్కువగా చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే పొద్దునకి తక్కువవుతుంది. ఇంట్లో పొద్దున్నే, బండి కదలకముందు చూసిందే సరైన లెక్క. డ్రైవరు తలుపు తెరిస్తే పక్క స్తంభానికి స్టిక్కర్ ఉంటుంది, ఎంత పెట్టాలో అందులో రాసి ఉంటుంది. ఇంజను స్టార్టు చేసి మిషను ప్లగ్గు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టి, ఆ అంకె మిషనులో సెట్ చేయండి, అంత గాలి పట్టగానే దానంతటదే ఆగిపోతుంది. గొట్టం కొసన ఇత్తడి ముక్క కాలుతుంది, వెంటనే పట్టుకోకండి. నాలుగు టైర్లూ ఏకబిగిన నింపకుండా మధ్యలో కాసేపు ఆపండి.

ఆ పెట్టెలోనే చిన్న ప్లాస్టిక్ కవరులో చిటికెన వేలి గోరంత ఇత్తడి నాజిల్ ఒకటి ఉంది, పారేయకండి. మీ సైకిలు వాల్వుకి కారు గొట్టం పట్టదు, ఆ నాజిల్‌ని మర తిప్పినట్టు తిప్పి పెడితే పడుతుంది. ఇంకో సంగతి తెలుసా, ఇక్కడి సైకిళ్లలో చాలావాటికి మన పాత సైకిళ్ల వాల్వే ఉంటుంది! వచ్చిన కొత్తలో సైకిలు కొని చక్రం చూసి దాన్ని గుర్తుపట్టాను. మీరు వరండాలో కూర్చుని నల్ల వాల్వ్ ట్యూబు ముక్క కోసి, నాలుకతో తడిచేసి ఎక్కించేవారు కదా, అది గుర్తొచ్చి సైకిళ్ల పార్కింగులో చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆ వాల్వుతో మిషను చూపించే అంకె నమ్మకండి, గాలి లోపలికే వెళ్తుంది గాని బయటి మీటరుకి తెలియదు. మీ అలవాటు ప్రకారం బొటనవేలితో నొక్కి చూడండి.

వానలు మళ్లీ మొదలయ్యాయని వార్తల్లో చూస్తున్నాను. 2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుఫాను మన మీద అంత వాన కురిపించి మర్నాడు అమ్మమ్మ వాళ్ల బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులూ మీ ఫోన్లు రెండూ స్విచాఫ్. నేనిక్కడ ఏం చేశానో మీకు ఎప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. అందుకే ఈసారి పెద్ద పవర్ బ్యాంకు తెస్తున్నాను, 20,000 ఎంఏహెచ్‌ది. విమానంలో చేతిసంచిలోనే తీసుకురావాలి, పెట్టెలో వేయనివ్వరు. నెలకోసారి చార్జ్ పెట్టి బీరువాలో కాదు, పూజగది పక్క అల్మారాలో పెట్టండి, చీకట్లో కూడా చేతికందుతుంది.

వాన రోజు కారు తీయకండి. తీసినా వ్యాసర్‌పాడి గణేశపురం సబ్‌వే వైపు వద్దు. ఎక్కడైనా నీళ్లలో ఇంజను ఆగిపోతే మళ్లీ తాళం తిప్పకండి, నీళ్లు లోపలికి పోతే ఇంజను పూర్తిగా పాడవుతుంది. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి, బెల్టు కోసే కత్తితో కలిసి జనరల్ ప్యాటర్స్ రోడ్డులో దొరుకుతుంది. డిక్కీలో కాదు, సీటు పక్కన చేతికందేలా పెట్టండి. ముందు అద్దం దాంతో పగలదు, పక్క అద్దం మూలన కొట్టాలి. వాడే అవసరం రాకూడదని దండం పెట్టుకుంటున్నాను, కానీ ఉండాలి.

అమ్మా, నువ్వడిగిన ఎలక్ట్రిక్ కెటిల్ ఇక్కడి నుంచి తేను. కోపం తెచ్చుకోకు. కరెంటు రెండుచోట్లా 230 వోల్టులే, చిక్కంతా ప్లగ్గుతోనే. ఇక్కడి ప్లగ్గుకి ఎర్త్ పక్కల ఉండే ఇనుప పట్టీల్లో వస్తుంది, మనింట్లో పైనున్న లావు పిన్నులో వస్తుంది. చవక అడాప్టర్ పెడితే ఎర్త్ కలవదు. స్టీలు పాత్ర, నీళ్లు, నీ తడి చేతులు... వద్దమ్మా. అక్కడే ఐఎస్ఐదొకటి కొనుక్కో, డబ్బు నేను వేస్తాను. గ్యాస్ అలారం కూడా కొనిపించు. మన సిలిండర్ గ్యాసు గాలికంటే బరువు, కిందికి దిగుతుంది, కాబట్టి పొయ్యి పైన కాకుండా నేలకి జానెడున్నర ఎత్తులో పెట్టించు. అది మోగితే ఏ స్విచ్చూ వేయకు, ఆర్పకు కూడా. రెగ్యులేటర్ కట్టేసి కిటికీలు తెరిచి బయటికి వచ్చాక 1906కి ఫోను చెయ్యి. ఆరెంజ్ ట్యూబు మీద సంవత్సరం అచ్చయి ఉంటుంది, అయిదేళ్లు దాటితే మార్పించు.

తమ్ముడికి ఇది చదివి వినిపించండి. బెంగళూరులో కొత్త కారుకి ముందు ఉక్కు గార్డు వేయించుకుంటానన్నాడు. వద్దని చెప్పండి, అది వేస్తే గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు సరైన వేళకి తెరుచుకోకపోవచ్చు, పైగా నిబంధనలకి విరుద్ధం. సీటు కవర్లు కూడా పక్క ఎయిర్‌బ్యాగు దగ్గర చీలిక ఉన్నవే కొనాలి. ఆ డబ్బుతో దారిని రికార్డు చేసే మంచి డాష్‌క్యామ్ పెట్టుకోమనండి, ఎండలో నిలబడే కారు కదా, బ్యాటరీది కాకుండా కెపాసిటర్ ఉన్నది తీసుకోమనండి.

"వస్తువులు కాదమ్మా, నువ్వు రా" అన్నారు మొన్న. వస్తువులు పంపి చేతులు దులుపుకుంటున్నానని అనుకోకండి నాన్నా. మీరు పడ్డప్పుడు చెయ్యిచ్చి లేపడానికి నేనక్కడ లేను, ఇక్కడి నుంచి చేయగలిగింది ఇదొక్కటే, అందుకే ఇన్ని పేజీలు రాస్తున్నాను. సంక్రాంతికి టికెట్టు తీసుకున్నాను, భోగి నాటికి ఇంట్లో ఉంటాను. పది రోజులే సెలవు, గొడవ పడద్దు.

క్రేట్ బిగించాక వెనక నుంచి ఒక ఫొటో తీసి పంపండి, లైటు కనబడుతోందో లేదో చూస్తాను. హెల్మెట్ కొలత ఈ వారంలోనే కావాలి. మోచెయ్యి ఇంకా నొప్పిగా ఉందా? నిజం చెప్పండి.

మీ
బుజ్జి