అది పూల ముగ్గు కాదు

సంపాదకులకు,

ఇటలీ వీధుల్లో పరిచిన పూలరేకుల ఫొటో వేసి కింద ‘పూల ముగ్గు’ అని రాశారు. ముగ్గుకు గీతే ప్రాణం. అక్కడి ఇన్ఫియొరాతాలో, అంటే రేకులతో వీధిలో పరిచే పూల పరుపులో మాత్రం గీయడం కంటే రేకులు ఒలవడం, పాడవకుండా కాపాడడమే పెద్ద పని. రోమ్ దగ్గరి జెన్‌జానోలో కతోలికుల దివ్యసత్ప్రసాద పండుగకు (క్రీస్తు శరీరంగా కొలిచే అప్పాన్ని ఊరేగించే పండుగకు) 1778 నుంచి చేస్తున్నారు. ఒలిచిన రేకులను చల్లటి గుహల్లో ఉంచుతారు. కుప్పగా పోస్తే లోపల వేడి పుట్టి తెల్లారేసరికి నల్లబడతాయి మరి. ఇటలీలోనే స్పెల్లో అనే ఊళ్లో శనివారం రాత్రంతా పరిచి, ఆదివారం ఊరేగింపుకు సిద్ధం చేస్తారు. మనం బతుకమ్మలో గునుగు పూలకు అద్దినట్టు రంగు అద్దితే అక్కడ ఒప్పుకోరు.

నల్లగొండ విచారణల్లో (ఒక్కో చర్చి కింద ఉండే ప్రాంతాల్లో) ఎవరైనా వేయాలనుకుంటే ఏర్పాట్లు బతుకమ్మ నాళ్లకే మొదలుపెట్టాలి. దివ్యసత్ప్రసాద పండుగ ఎక్కువగా జూన్‌లో వస్తుంది, అప్పుడు బంతి ప్రియం. దసరాకు చవగ్గా దొరికినప్పుడే రేకులు ఒలిచి, పాత చీర మీద పలుచగా, నీడన ఆరబెట్టాలి. గలగలలాడాక గాలి చొరని డబ్బాలో పెట్టాలి. కొంచెం తడి ఉన్నా బూజు పడుతుంది. గునుగు ఎండినా రూపు చెడదు. గులాబీ నల్లబడుతుంది, తంగేడు ముడుచుకుపోతుంది, వాటిని నమ్ముకోవద్దు. ఆకుపచ్చకు అక్కడ అడవి సోపు ఆకు వాడతారు, మనకు చింతాకు చాలు. నల్ల అంచులకు వాళ్లకు వాడిన కాఫీ పొడి, మనకు టీ కొట్లో పారేసే పొడి. పాలూ చక్కెరా పోయేదాకా కడిగి ఎండబెట్టకపోతే చీమల బారు ఖాయం.

మొదటిసారి రెండు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల పొడవు మించొద్దు. సెంటీమీటరు మందాన పరిస్తే దానికే 60 లీటర్ల రేకులు, అంటే 15 లీటర్ల బకెట్లు నాలుగు. తెల్లవారుజామున నాలుగింటికి సుద్దతో గీసి, ముందు అంచులు పోసి, నడుమ నుంచి బయటికి నింపుకుంటూ రావాలి. లేదంటే పరిచినదాన్ని మనమే తొక్కుతాం. గాలికి లేవకుండా స్ప్రే సీసాతో మంచులా తడపాలి. చెంబుతో పోస్తే రేకులు ముద్దకట్టి రోడ్డు బయటపడుతుంది.

కష్టపడి పరిచింది తొక్కుతారేమిటని కొందరికి బాధ. చర్చి గురువు సత్ప్రసాదం (ఆ అప్పం) పట్టుకుని దాని మీదుగా నడవడానికే అది. మనవాళ్లు ఊరేగింపులో చెప్పులు విప్పి నడుస్తారు గనుక గుండుసూదులు, అగరుబత్తి పుల్లలు, తీగ ముక్కలు రేకుల్లో మిగలకుండా చూడాలి.

– ఒక పాఠకురాలు, నల్లగొండ