డౌన్‌టౌన్ వెళ్ళేవాళ్ళకి: కార్‌పూల్ చేద్దామా?

అందరికీ నమస్కారం. గ్యాస్ (పెట్రోలు) రేట్లు మళ్ళీ పెరిగాయి. డాలస్ శివారులోని మన ఫ్రిస్కోలో పాలు తేవాలన్నా కారు తీయాల్సిందే, డార్ట్ (డాలస్ ప్రాంత రవాణా సంస్థ) రైలు ఇక్కడిదాకా రాదు. ప్లేనోలో పార్కర్ రోడ్ స్టేషన్ నుంచి మాత్రం డార్ట్ రెడ్ లైన్ రైలు నేరుగా డౌన్‌టౌన్ డాలస్ వెళ్తుంది. అటువైపు ఆఫీసున్నవాళ్ళం స్టేషన్ దాకా ఒకే కారులో వెళ్దామా? మంగళవారం నుంచి ఉదయం ఏడింటికి నా కారులో ముగ్గురికి చోటుంది. డబ్బులొద్దు, వారానికొకరు కారు తీస్తే చాలు.

గ్యాస్ ఆదా కావాలంటే టైర్లలో గాలి కూడా చూసుకోండి. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్‌ మీదున్న ప్రెషరే పెట్టాలి. టైరు మీదున్నది గరిష్ఠ పరిమితి. కారు మాన్యువల్‌లో రెగ్యులర్ గ్యాస్ చాలని ఉంటే, ఖరీదైన ప్రీమియం గ్యాస్ దండగ.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు పగలంతా ఇంట్లోనే ఉండిపోతున్నారు. గుడికి వెళ్ళేవాళ్ళు ముందురోజు ఇక్కడ చెప్పండి, వాళ్ళనీ తీసుకెళ్దాం.