బావా, ఆ బ్రేకు పెడల్ సంగతి

ఒరేయ్ బావా,

నీ కారు బ్రేకు గురించి ఫోన్లో ఎంత చెప్పినా చివరికి నీకు గుర్తుండేది "ఏదో సెన్సార్ అన్నాడు" అన్న ముక్కొక్కటే. అది పట్టుకెళ్ళి షెడ్డులో చెబితే నాలుగు చక్రాలకీ కొత్త సెన్సార్లు వేసి బిల్లు చేతిలో పెడతారు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే అవుతుంది, తీరుబడిగా చదువు.

ముందుగా, ఆ షెడ్డు మెకానిక్ మార్చాలంటున్న ఏబీఎస్ యూనిట్, అదే బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు లాక్ అవకుండా చూసే యూనిట్, దాన్ని మార్చడానికి ఒప్పుకోకు. ఎప్పటికీ వద్దనడం లేదు, ఇప్పుడే వద్దంటున్నాను. అంత పాత బండికి కొత్త యూనిట్ వేయిస్తే బండి ధరలో మంచి వాటా దానికే పోతుంది. పాత సామాన్ల కొట్టు నుంచి తెచ్చి వేస్తానన్నాడా, అది ఎక్కడెక్కడ తిరిగిన బండిదో, లోపల ఎంత మడ్డి పేరుకుందో ఎవరికీ తెలీదు. ఆ మెకానిక్ బండి కంప్యూటర్ని చదివే స్కానర్ పెట్టలేదు, చక్రం ఊడదీయలేదు, కనీసం బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసి చూడలేదని నువ్వే అన్నావు. మరి ఏటి చూసి చెప్పినట్టు? పెడల్ కొట్టుకుంటోంది అనగానే ఏబీఎస్ పోయిందనేయడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది.

నువ్వు కూడా రెండు వేరువేరు గొడవల్ని కలిపేసి "బ్రేకు బాగోలేదు" అంటున్నావు. పొద్దున్నే బండి తీసేటప్పుడు పెడల్ సగం దాకా దిగిపోయి, వెంటనే రెండోసారి తొక్కితే పైనే పట్టుకుంటోంది, అది ఒకటి. ఏడు రోడ్ల జంక్షన్లో నెమ్మదిగా ఆగబోతుంటే కాలి కింద పెడల్ గడగడా కొట్టుకుని, గుర్రుమని చప్పుడొచ్చి, బండి ఇంకో అడుగు ముందుకు జారి ఎదురుగా ఉన్న ఆటోకి తగలబోయింది, అది ఇంకొకటి. మొదటిది ఆయిలూ, రబ్బర్లూ, డ్రమ్ముల వ్యవహారం. రెండోది చాలామటుకు కరెంటు వ్యవహారం. ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పనికిరాదు, అందుకే విడివిడిగా చూడాలి.

మొదటిదానికి నువ్వు ఇంట్లోనే, బండి కదపకుండా చేయగలిగిన పరీక్ష ఒకటుంది. ఇంజన్ ఆపేసి ఉండగా పెడల్‌ని తొక్కి వదులుతూ ఉండు, గట్టిపడేదాకా. వాక్యూమ్ సాయంతో నీ తొక్కుడికి బలం పెంచే బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ అంతా అయిపోతుందన్నమాట. ఇప్పుడు గట్టిగా తొక్కి, కాలు తీయకుండా అరనిమిషం అలాగే పట్టుకో. పెడల్ నెమ్మదిగా, నువ్వేమీ చేయకుండానే కిందకి జారుతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బర్లు అరిగి ఆయిల్ పక్కనుంచి వెనక్కి పోతోంది. డబ్బాలో మట్టం తగ్గుతుంటే బయటికి కారుతున్నట్టు, తగ్గకుండా పెడల్ దిగుతుంటే మాస్టర్ సిలిండర్ మీద అనుమానం. పెడల్ జారకుండా నిలబడింది అనుకో, కాలు అలాగే ఉంచి ఇంజన్ స్టార్ట్ చెయ్. స్టార్ట్ అవగానే పెడల్ కొంచెం కిందకి దిగాలి. దిగిందా, బూస్టర్ బాగానే ఉంది. దిగకపోతే, రాయిలా ఉండిపోతే, వాక్యూమ్ గొట్టమో దాని వాల్వో బూస్టరో చూడాలి. నీ బండి డీజిల్ కాబట్టి వాక్యూమ్ పంపు కూడా. ఇంజన్ నడుస్తుండగా బలమంతా పెట్టి తొక్కితే చాలా బండ్లలో పెడల్ ఇంకాస్త దిగుతుంది, అది చూసి కంగారుపడి నాకు రాత్రి పదకొండింటికి ఫోన్ చెయ్యకు.

నా లెక్క ప్రకారం నీ పెడల్ జారదు. ఎందుకంటే రెండోసారి తొక్కితే పైన పట్టుకుంటోంది అన్నావు, అది ఎక్కువగా వెనక డ్రమ్ముల్లో, లోపలి నుంచి ఒత్తి ఆపే షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ పెరిగినప్పుడు వచ్చే లక్షణం. మొదటి తొక్కుడు ఆ ఖాళీ పూడ్చడానికే సరిపోతుంది, రెండో తొక్కుడికి గానీ బ్రేకు పట్టదు. ఆ ఖాళీని తనంతట తానే సర్దుకునే అడ్జస్టర్ లోపల ఉంటుంది గానీ, తుప్పు పట్టి బిగుసుకుపోతే అది కదలదు. మీ అత్తగారింట్లో, కళింగపట్నంలో, సముద్రం గాలికి ఆ బండిని వర్షాకాలమంతా బయట నిలబెట్టావు కదా, ఇంకేం కావాలి దానికి. హ్యాండ్ బ్రేక్ లాగి చూడు, ఇదివరకటి కంటే ఎక్కువ టిక్కులు పైకొస్తోందంటే నా మాట నిజమే.

రెండోసారి తొక్కినప్పుడు పెడల్ పైకి వచ్చినా ఇంకా స్పాంజిలాగే ఉంటే మాత్రం ఆయిల్లో గాలి ఉన్నట్టు. గుంతలో పడ్డాకో, పెద్ద మలుపు తిరిగాకో మాత్రమే పెడల్ దిగుతుంటే చక్రం బేరింగ్ వదులైందేమో చూడాలి. చక్రంతో తిరిగే డిస్క్ అటూ ఇటూ ఊగి, దాన్ని పట్టి ఆపే ప్యాడ్లని వెనక్కి నెట్టేస్తుంది. జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఆట తెలిసిపోతుంది.

ఇక బ్రేకు ఆయిల్. దీని గురించి ఎవరూ పట్టించుకోరు, ఇంజన్ ఆయిల్ మాత్రం తేదీ తప్పకుండా మారుస్తారు. మీ మావగారు బండి కొన్న దగ్గర్నించీ ఒక్కసారైనా మార్చారంటే నేను నమ్మను. వానాకాలంలో మూత తీసి పెట్టిన ఉప్పు డబ్బాలాగే ఈ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటూ ఉంటుంది, మూత బిగించి ఉన్నా రబ్బరు గొట్టాల గుండా కూడా. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, అదే నూటికి నాలుగు పాళ్ళకి కాస్త తక్కువ నీళ్ళు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. మామూలుగా శ్రీకాకుళం ఊళ్ళో తిరిగితే నీకు తేడా తెలీదు. సాలూరు దాటి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద బ్రేకు తొక్కి డిస్కులు వేడెక్కితే అప్పుడు తెలుస్తుంది. ఆయిల్లో నీళ్ళు ఆవిరవుతాయి, ఆవిరిని నొక్కితే నొక్కుకుపోతుంది గానీ బ్రేకు పట్టదు, పెడల్ నేలకి ఆనుతుంది. రెండేళ్ళకోసారి మార్చమనేది అందుకే. లోపల ఆ తేమ వల్లే తుప్పు పుట్టి, ఏబీఎస్ యూనిట్లో సన్నటి వాల్వులకి అడ్డం పడేదీ అదే.

మార్చేటప్పుడు జాగ్రత్తలు చెబుతాను, అక్కడే షెడ్డుల్లో పనులు చెడేది. పాత బండికి ఆయిల్లోంచి గాలి తీయడానికి పెడల్‌ని నేల దాకా తొక్కించకూడదు. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ రోజూ నడవని భాగంలో తుప్పూ మడ్డీ ఉంటాయి, రబ్బరు అక్కడికి వెళ్ళి కోసుకుపోతుంది, బాగున్న మాస్టర్ సిలిండర్ సాయంత్రానికి పాడవుతుంది. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెడితే చాలు. డబ్బా ఖాళీ అవనివ్వకూడదు. ఖాళీ అయిందా, గాలి యూనిట్ లోపలికి పోతుంది, అది మామూలుగా చక్రం దగ్గర గాలి తీసే నిపుల్ విప్పితే బయటికి రాదు, స్కానర్ పెట్టి పంపునీ వాల్వుల్నీ తిప్పించాలి. ప్యాడ్లు మార్చేటప్పుడు పిస్టన్‌ని వెనక్కి నెడతారు చూడు, అప్పుడు నిపుల్ వదులు చేసి ఆ మురికి ఆయిల్ బయటికి పోనివ్వాలి, లేకపోతే అదంతా పైకి తన్ని యూనిట్లోకి చేరుతుంది. ఏ చక్రం ముందు, ఏది తర్వాత అనేది ఒక్కో బండికి ఒక్కో వరస, బండితో వచ్చిన పుస్తకం చూసి చేయడమే మంచిది. డాట్ 5 అని రాసి ఉన్న సిలికాన్ ఆయిల్ ఎవరైనా ఇస్తే తీసుకోకు. అది మన బండ్లకి కాదు. 5.1 వేరు, అది కలుస్తుంది.

సరే, రెండో గొడవ. అసలు ఉత్తరం దీనికోసమే.

ఏబీఎస్ చేసే పని ఏంటంటే, నాలుగు చక్రాలూ ఎంత వేగంగా తిరుగుతున్నాయో చూస్తూ ఉంటుంది. ఒక చక్రం మిగతావాటికంటే హఠాత్తుగా ఆగిపోయినట్టు కనిపిస్తే, అది జారుతోందనుకుని ఆ చక్రానికి వెళ్ళే ఆయిల్ ఒత్తిడి వదిలేసి మళ్ళీ పెంచుతుంది, ఆ వదిలిన ఆయిల్‌ని పంపు వెనక్కి నెడుతుంది. నీ కాలికి తగిలే దడదడ అదే. ఇసక మీదో, తడి బురద మీదో గట్టిగా తొక్కినప్పుడు ఇది వస్తే సంతోషించు, కాలు తీయకుండా తొక్కి ఉంచు. పొడి తారు రోడ్డు మీద, నెమ్మదిగా, ఆగడానికి ముందు వస్తోందంటే మాత్రం దానికి ఎవరో అబద్ధం చెబుతున్నారు.

ఆ అబద్ధం చెప్పేది సెన్సారో, దాని ఎదురుగా తిరిగే పళ్ళ రింగో. నీ బండి వయసుని బట్టి సెన్సార్ పాత రకమే అయ్యుండాలి, లోపల అయస్కాంతమూ తీగ చుట్టా, అంతే. చక్రం తిరిగితేనే అందులో కరెంటు పుడుతుంది, వేగం తగ్గేకొద్దీ ఆ కరెంటు కూడా సన్నగిల్లుతుంది. అన్నీ బాగున్న చక్రాలు దాదాపు ఆగేదాకా లెక్క చెబుతాయి. ఒకదానికి మాత్రం సెన్సార్ కింద తుప్పు ఉబ్బి అది రింగుకి కొంచెం దూరం జరిగినా, కొసకి ఇనుప రజను పట్టినా, అది ముందే మూగబోతుంది. కంప్యూటర్ ఆ చక్రం లాక్ అయిందనుకుని బ్రేకు వదిలేస్తుంది. నువ్వు జంక్షన్లో అడుగు ముందుకు జారింది అందుకే. తీగ తెగలేదు కాబట్టి డాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు వెలగదు, లైటు లేదు కాబట్టి షెడ్డులో అంతా బాగుందంటారు.

నా అనుమానం ఎడమ ముందు చక్రం మీద. ఆ మధ్య అటువైపు యాక్సిల్ బూటు, అదే దాని రబ్బరు తొడుగు, చిరిగిందని ఊడదీయించావు కదా. రింగు ఆ యాక్సిల్ చివరే బిగించి ఉంటుంది చాలా బండ్లలో. సుత్తితో కొట్టి బయటికి తీస్తే దానికి వెంట్రుకవాసి చీలిక పడొచ్చు, లేదా కింద తుప్పు ఉబ్బి అదే పగలొచ్చు. చక్రం తీసి, టార్చి వేసి, యాక్సిల్‌ని చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు పూర్తిగా తిప్పుతూ పళ్ళ మీద చూడాలి. చీలిక ఉన్నచోట రెండు పళ్ళ మధ్య సందు మిగతావాటికంటే పెద్దదిగా కనిపిస్తుంది, అక్కడ ఎర్రటి తుప్పు పొడి గీతలా ఉంటుంది. అదే గనక దొరికితే ఖర్చు రింగుదే, యూనిట్‌ది కాదు. అదొక్కటి చూస్తే నాకు నిద్ర పడుతుంది.

ఏబీఎస్ పంపు తిరుగుతోందా లేదా అన్నది రూఢి చేసుకోవడానికి ఏబీఎస్ ఫ్యూజు తీసి నడిపి చూడొచ్చు. తెల్లవారకముందు, ఎవరూ లేని చోట, ఇరవై కిలోమీటర్ల లోపు వేగంతో, రెండుమూడుసార్లు ఆగి చూడు. ఆ దడదడ పూర్తిగా పోతే గొడవ ఏబీఎస్ వైపుదే. తర్వాత ఫ్యూజు మళ్ళీ పెట్టేయ్. కొందరు "తీసి పారెయ్, గోల ఉండదు" అంటారు, వినకు. ఫ్యూజు తీస్తే వెనక చక్రాలకి ఒత్తిడి పంచే ఏర్పాటు కూడా పోతుంది, తడి రోడ్డు మీద వెనక చక్రాలు ముందే లాక్ అయి బండి అడ్డం తిరగొచ్చు. 2019 ఏప్రిల్ నుంచి ప్రతి కొత్త కారుకీ తప్పనిసరి చేసిన ఏబీఎస్‌ని, నీ బండికి అప్పట్లోనే ఎక్కువ డబ్బులిచ్చి కొన్నదాన్ని, పెడల్ కొట్టుకుంటోందని తీసేస్తామా?

స్కానర్ సంగతి. ఫోన్‌కి కలిపే ఆ చిన్న చవక డబ్బా కొందామన్నావు, అది మామూలుగా ఇంజన్ వరకే చూపిస్తుంది, ఏబీఎస్ దాకా వెళ్ళదు. ఏబీఎస్ చదివే స్కానర్ ఉన్నవాడి దగ్గరికి వెళ్ళి "కోడ్ చూడండి" అనకు, కంప్యూటర్లో లోపం కోడ్ నమోదై ఉండకపోవచ్చు. "నాలుగు చక్రాల స్పీడు స్క్రీన్ మీద పెట్టి, బండి నడిపి ఆపండి, ఏది ముందు సున్నా అవుతోందో చెప్పండి" అను. ఆ మాట విన్నాక వాళ్ళు నీతో వేరేగా మాట్లాడతారు.

ఇంకోటి, ఎనభై వేగంలో తొక్కినప్పుడు పెడల్ ఒకే తాళంలో కొట్టుకుంటూ స్టీరింగ్ కూడా వణికితే అది ఏబీఎస్ కాదు, డిస్కు మందం అంతటా ఒకేలా లేకపోవడం. లేత్ పెట్టించడమో మార్చడమో చెయ్యాలి. నువ్వా మాట అనలేదు కాబట్టి దాని జోలికి వెళ్ళను.

కొరాపుట్ ప్రయాణం మాత్రం వాయిదా వెయ్. అక్కడి జగన్నాథుడి గుడి, శబర శ్రీక్షేత్రం, ఎక్కడికీ పోదు. ఘాట్ మీద సుంకి దగ్గర్నించి దిగేటప్పుడు మలుపు మలుపుకీ లారీ ఎదురొస్తుంది, పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని, మొదటి తొక్కుడికి పట్టని బ్రేకుతో ఆ దారి వద్దు. బాగుచేసుకుని వెళ్ళినా, ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలనే లారీ వాళ్ళ లెక్క నువ్వూ పాటించు, బ్రేకు మీద కాలు వేలాడదీయకు.

బండిని నువ్వు విజయనగరం తేవద్దు. ఆదివారం నేనే రైలెక్కి ఆమదాలవలసలో దిగుతాను, స్టేషన్‌కి బైకు మీద రా, కారులో కాదు. మల్టీమీటరూ, స్పానర్లూ నేను తెస్తాను. సెన్సార్లకి నిరోధం కొలిచి చూద్దాం, నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి, ఒకటి మరీ తేడాగా ఉంటే పట్టేస్తాం. నువ్వు చేయాల్సింది, సీలు తీయని డాట్ 4 డబ్బాలు అర లీటరువి రెండు, చేపల తొట్టెకి వాడే సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒక మీటరు, పాత తువ్వాళ్ళు, ఒక చెక్క ముక్క. బ్రేకు ఆయిల్ బండి పెయింట్ మీద పడితే పెయింట్ లేచిపోతుంది, అందుకని పక్కన బకెట్ నీళ్ళు కూడా. పెడల్ తొక్కడానికి మీ తమ్ముణ్ణి ఉండమను. నేను చెప్పినప్పుడు వాడు తొక్కి, చెప్పినప్పుడు వదలాలి, ఫోన్ చూస్తూ కూర్చుంటే కుదరదని ముందే చెప్పు.

చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. రైలు టైము శనివారం మెసేజ్ పెడతాను.

నీ
బావ